మెడ బొత్తాం

మొన్న మార్గశిరంలో ఒక ఉదయం పలాస స్టేషనుకు వెళ్ళాను. మా చెల్లెలు భువనేశ్వరం నుంచి వస్తోంది. మోకాళ్ళ నొప్పుల మనిషి, సామాను అందుకోవడానికి ఒకరుండాలని వెళ్ళాను. నా మోకాళ్ళేమైనా గొప్పగా ఉన్నాయా అని మాత్రం అడగకండి. బండి రాకముందే ప్లాట్‌ఫాం మీద డప్పులు మొదలయ్యాయి. ఎవరో హవల్దారట, నౌకరీ పూర్తి చేసుకుని ఇంటికి వస్తున్నాడట. బయట పూలు కట్టిన జీపు, మనిషికంటే పెద్ద ఫ్లెక్సీ, పట్టుచీర కట్టుకుని కంగారు పడిపోతున్న భార్య. ఒక కుర్రాడు బుట్టలోంచి బంతిపూల రేకులు పంచుకుంటూ వచ్చి నా దోసిట్లోనూ పోశాడు.

“మామ్మా, మా సిన్నాన్న దిగగానే మీద సల్లేయండి,” అన్నాడు.

సరేనన్నాను. డప్పు మాత్రం నాకు పడలేదు. వాళ్ళ దరువు హుషారుగానే ఉంది, చుట్టూ కుర్రాళ్ళు గెంతుతున్నారు. నేను తల దించుకుని రేకులు చూసుకుంటూ నిలబడ్డాను. ఇంత వయసు వచ్చినా డప్పు వినబడితే నా తల దానంతట అదే వంగిపోతుంది. ఎందుకంటే నాకు ఇంకో దరువు తెలుసు. ఒక దెబ్బ పడ్డాక రెండోది పడేలోపు మనిషి ఊపిరి పీల్చి వదిలేంత ఖాళీ ఉండే దరువు. అది మా నాన్న కోసం కొట్టింది.

మాది ఉద్దానంలో సముద్రానికి చేరువలో ఉన్న ఊరు. పేరు చెప్పను. చెబితే ఇప్పటికీ ఎవరో ఒకరు “ఓహో, ఆయన కూతురివా” అంటారు, ఆ తర్వాత ఒక క్షణం ఏమీ అనరు. ఆ క్షణం నాకు బాగా తెలుసు, దాన్ని మళ్ళీ చూడాలని లేదు.

ఊరంతా కొబ్బరి తోటలు, జీడి తోటలు. వేసవిలో జీడిగింజలు కాలుస్తుంటే పొగ కళ్ళు మండించేది. తొందరపడి పచ్చిగింజ కొరికిన పిల్లల పెదవులు పొక్కిపోయేవి. జీడిపండ్ల రసం పడి మా గౌన్లన్నీ మరకలే. చలికాలంలో భావనపాడు వైపు నుంచి ఎండు నెత్తళ్ళ బుట్టలు నెత్తిన పెట్టుకుని ఆడవాళ్ళు వచ్చేవారు. వాళ్ళు వీధి మొదట్లో ఉండగానే మా పిల్లికి తెలిసిపోయేది. ఇంటికొక కొబ్బరి తోట ఉన్నట్టే ఇంటికొక పటాలం మనిషి ఉండేవాడు మా ఊళ్ళో. మిలటరీ ఊరు అనేవారు చుట్టుపక్కల.

ఊరి మొదట్లో తాటాకుల పాక ఒకటి ఉండేది, పింఛనుదార్ల పాక. పటాలం నుంచి వచ్చేసిన ముసలాళ్ళందరూ పొద్దున్నే చోడి అంబలి తాగేసి అక్కడ చేరేవారు. మిగతా ఊళ్ళలో తాతలు వానల గురించి మాట్లాడుకుంటే మా తాతలు బర్మా గురించి మాట్లాడుకునేవారు. వాళ్ళందరికీ పెద్ద సుబేదారు తాత. మాకు చుట్టం కాదు. ఊరంతటికీ తాతే. సన్నగా, నిలువుగా ఉండేవాడు. కూర్చున్నా నిలబడ్డట్టే ఉండేవాడు.

మా ఊళ్ళో ఒక ఆచారం ఉండేది, ఇంకెక్కడా నేను వినలేదు. ఎవరైనా కుర్రాడు పటాలంలో చేరడానికి వెళ్తుంటే తెల్లచొక్కా ఒకటి కుట్టించేవారు. దానికి అన్ని బొత్తాలూ మామూలువే, మెడ దగ్గరది మాత్రం ఇత్తడిది. అది పాకలోని ముసలాళ్ళలో ఒకరి పాత కోటు నుంచి తీసింది. ప్రయాణం రోజున కుర్రాడు ఆ చొక్కా తొడుక్కుని పాక ముందు నిలబడితే, సుబేదారు తాత ఆ మెడ బొత్తాం తన చేత్తో పెట్టేవాడు.

“కింద బొత్తాలు నీవి. ఇది మాత్రం ఊరిది. ఇది ఊడకుండా సూసుకో,” అనేవాడు.

ఆ తర్వాత డప్పు మోగేది. సెలవు మీద వచ్చినప్పుడు కూడా బస్సు దిగగానే డప్పు, పాక ముందు ముసలాళ్ళ వరస. వచ్చినవాడు ఆ చొక్కాతోనే ముందు పాక దగ్గరకు రావాలి. తాత వేలితో బొత్తాం తడిమి “ఉందిరా” అనేవాడు. అప్పుడే ఇంటికి వెళ్ళడం. పెళ్ళాం గుమ్మంలో నిలబడి ఎదురుచూస్తున్నా సరే, బొత్తాం తర్వాతే.

మా నాన్నకు ఇచ్చిన బొత్తాం సుబేదారు తాత సొంత కోటుది, అదీ ఆ కోటు మెడ దగ్గరది. ఆయనకు నాన్నంటే అంత ఇష్టం. ఆ తర్వాత జెండా పండగలకు తాత ఆ కోటు వేసుకుంటే మెడ దగ్గర తెరుచుకునే ఉండేది. కొత్తది కుట్టించుకోమంటే వినేవాడు కాదు. మా నాయనమ్మకు అదొక గర్వం. నీళ్ళ దగ్గర ఎవరు ఏ మాట మొదలెట్టినా తిప్పి తిప్పి సుబేదారు కోటు దగ్గరకు తెచ్చేది.

నాన్న సెలవు మీద వస్తే ఊరికి పండగ. నాన్న పటాలంలో స్టోరు చూసేవాడు. రేషను, బట్టలు, బూట్లు, అన్నీ ఆయన చేతి మీదే. నల్లరేకు పెట్టె, దాని మీద తెల్లరంగుతో ఆయన నంబరు. పక్కన తాళ్ళతో బిగించిన పెద్ద మూట. పెట్టె మూత తీస్తే కర్పూరం ఉండలు, బూటు పాలిష్, టీపొడి కలిసిన వాసన వచ్చేది. నాకు ఆ వాసనే నాన్న. ఆయన లేనప్పుడు కూడా ఆ పెట్టె పెట్టే మూల దగ్గర నేల వాసన చూసేదాన్ని, నవ్వుకుంటే నవ్వుకోండి.

పెట్టెలోంచి పాలపొడి డబ్బాలు, చక్కెర, టీపొడి వచ్చేవి. మూటలోంచి రగ్గులు. బూడిద రంగు, అంచున ఎర్రటి చార, ముట్టుకుంటే గరుకు. కప్పుకుంటే మాత్రం సముద్రపు గాలి ఒంటికి తగలదు. ప్రతి సెలవుకీ ఒక మూట. మొదట పక్కింటికి, తర్వాత ఎదురింటికి, అలా వీధి వీధీ పంచేశాడు. ఎవరడిగినా లేదనలేని మనిషి నాన్న.

“బావా, ఈపాలి మా అమ్మకొకటి తెత్తావేటి? ముసల్ది సలికి వొణికిపోతంది,” అనేవారు.

“తెత్తాన్లే బావా, అదెంత పని,” అనేవాడు నాన్న.

అమ్మ ఒక్కతే అప్పుడప్పుడు వంటింట్లోంచి “ఇన్నెక్కడివి?” అని అడిగేది. నాన్న “ఉంతాయే, సర్కారుకి తక్కువేటి” అనేవాడు. ఊళ్ళో ఇంకెవరూ అడగలేదు. మాది పటాలం ఊరు. ఒక జవానుకు ఎన్ని రగ్గులిస్తారో, అవి ఎన్నాళ్ళు వాడాలో పాకలో కూర్చున్న ప్రతి ముసలాడికీ తెలుసు. అయినా అడగలేదు. అడిగితే కప్పుకోలేరు కదా.

సుబేదారు తాతకు నాన్న రగ్గిచ్చిన రోజు నేను పక్కనే ఉన్నాను. తాత రగ్గు అంచు తిప్పి చూశాడు. అక్కడ నల్ల సిరాతో ఏదో ముద్ర ఉంది. దాన్ని బొటనవేలితో చాలాసేపు రుద్దాడు. నాన్న ఎటో చూస్తున్నాడు. చివరికి తాత రగ్గు భుజాల మీద వేసుకుని “వెచ్చగుందిరా” అన్నాడు. అంతే.

సాయంత్రాలు పాక దగ్గర కుంపటి వెలిగించి జీడిగింజలు కాలుస్తూ తాత మాకు కథలు చెప్పేవాడు. మేము మళ్ళీ మళ్ళీ చెప్పించుకున్న కథ ఒకటే. తాత కొత్తగా పటాలంలో చేరిన దొరల కాలంలో ఒకడు తోటి సిపాయి జీతం దొంగిలించాడట. వాణ్ణి పటాలంలోంచి ఎలా గెంటేశారో ఆ కథ.

“పటాలమంతా నాలుగు పక్కలా నిలబడిపోనాది. మద్దిలో ఆడొక్కడే. డప్పు మెల్లిగా, ఆగి ఆగి కొడతన్నారు. దొర ఒచ్చి ముందు టోపీ తీసేసినాడు. తరవాత భుజం మీద గుర్తులు పీకేసినాడు. ఆ తరవాత ఒక్కో బొత్తాం కత్తితోటి కోసేసి నేల మీద పడేసినాడు. అప్పుడాణ్ణి వరసల మద్దినుంచి గేటు దాకా నడిపించినారు. గేటు కాడ అందరికన్నా సిన్నోడు, డప్పు కొట్టే గుంటడు, ఎనకనుంచి ఒక తన్ను తన్నినాడు.”

తన్ను దగ్గర మేము పడీ పడీ నవ్వేవాళ్ళం. తాత నవ్వేవాడు కాదు. “ఆడు ఏడ్సినాడా తాతా?” అని అడిగితే, “నేదు. నానే ఏడ్సినాను,” అనేవాడు. ఎందుకో మాకు అర్థమయ్యేది కాదు, అర్థం కావాలనీ అనుకోలేదు.

ఆ కథ మాకు ఆటైపోయింది. గెంటుడాట అనేవాళ్ళం. డప్పు నాదే, నాన్న తెచ్చిన పాలపొడి డబ్బా. డబ్బా నాది కాబట్టి నన్నెప్పుడూ దొంగను చేసేవారు కాదు. దొంగగా ఉండడానికి ఎవరూ ఒప్పుకోని రోజున మేకకు చొక్కా తొడిగేవాళ్ళం. ఒకసారి చొక్కా మా పక్కింటి పెదనాన్నది. బొత్తాలు కొయ్యబోయే లోపు మేకే తల తిప్పి రెండు కొరికి మింగేసింది. మాకు వీపులు వాచాయి. సంగతి పాకకు వెళ్తే, నవ్వని సుబేదారు తాత కూడా నవ్వేశాడు.

ఆ ఏడాది చలి ముదిరిన రోజుల్లో నాన్న వచ్చాడు. డప్పు లేదు. సెలవని ముందుగా కబురూ లేదు. మిట్టమధ్యాహ్నం వీధిలోకి ఒంటరిగా నడిచి వచ్చాడు. చేతిలో గుడ్డసంచి, ఒంటిమీద మడతలు పడ్డ ఆ తెల్లచొక్కా. నేను పరుగెత్తుకుంటూ వెళ్ళి కాళ్ళకు చుట్టుకున్నాను. కర్పూరం ఉండల వాసన లేదు. చెమట వాసన, రైలు వాసన.

నాయనమ్మ గుమ్మంలోంచి అడిగింది. “పెట్టె ఏదిరా?”

“పెట్టె రాదమ్మా.”

“ఎనక బండిలో వొత్తాదేటి?”

“రాదు. ఇంక నానూ ఎల్లను.” నాన్న అరుగు మీద కూర్చుని చెప్పేశాడు. స్టోరు సరుకు లెక్కకు రాలేదట. విచారణ జరిగిందట. కొన్ని నెలలు అక్కడే జైల్లో పెట్టి, పటాలంలోంచి తీసేసి పంపేశారట. పింఛను లేదు, పెట్టె లేదు. ఇన్నాళ్ళూ ఉత్తరం రాకపోవడానికి కారణం అది.

నాయనమ్మ ఏడవలేదు. “అడుసు తొక్కనేల, కాలు కడగనేల” అని మాత్రం అంది, అదీ నాన్న వైపు చూడకుండా. అమ్మ మూడేళ్ళ చెల్లిని చంకనేసుకుని పెరట్లోకి వెళ్ళిపోయింది. నాకు తెలిసింది ఒక్కటే. మా నాన్న దొంగ. మేము ఆటలో మేకకు వేసే వేషం మా నాన్నది. నేను డబ్బా తీసుకెళ్ళి గడ్డివాములో దూర్చేశాను.

ఊరికి సంగతి తెలియడానికి ఎంతోసేపు పట్టలేదు. పాకలో రెండు రోజులు గొడవ గొడవ. ఆ నెలలోనే ఊరి కుర్రాళ్ళు ఇద్దరు విశాఖపట్నం వెళ్ళాలి, పటాలంలో చేరడానికి. మన ఊరి పేరు చెప్పగానే వెనక్కి పంపేస్తారని వాళ్ళ తల్లిదండ్రుల భయం. ఆ భయం తప్పని ఇప్పటికీ అనలేను. పటాలం జీతం లేకపోతే తుఫాను పడ్డ ఏడాది మా ఊళ్ళో పొయ్యి వెలగదు. ఊరు తనవైపు నుంచి ఏదో ఒకటి చేసి చూపించాలన్నారు. బొత్తాం వెనక్కి తీసుకోవాలన్నారు. అంతకు ముందు ఎవరి బొత్తామూ తీసుకోలేదు. ఎలా తీసుకోవాలో తెలిసిన మనిషి ఊళ్ళో ఒక్కడే.

సుబేదారు తాత మా ఇంటికి వచ్చాడు. లోపలికి రాకుండా వాకిట్లోనే నిలబడ్డాడు. నాయనమ్మ పీట వేసినా కూర్చోలేదు.

“నువ్వెట్టిన బొత్తామే గదా బాబూ, నువ్వే తీత్తావా?” అంది నాయనమ్మ.

“నానెట్టినాను గనకే నాను తియ్యాలమ్మా. ఇంకొకడు తీత్తే ఆడికి మరీ నామోషీ.”

“ఊళ్ళో తిన్నోళ్ళు నేరేటి? కప్పుకున్నోళ్ళు నేరేటి?”

ఈ మాటలన్నీ వింటున్న నాన్న అరుగు దిగి వచ్చాడు. “అమ్మా, నువ్వూరుకో. మావా, రేపు పొద్దున్న వొత్తాను,” అన్నాడు. తాత వెనక్కి తిరిగాక మళ్ళీ పిలిచాడు. “మావా, ఆ తన్ను కూడా ఉంతాదా?”

“అదక్కర్నేదురా,” అన్నాడు తాత.

మర్నాడు పొద్దున అమ్మ నన్ను ఇంట్లోనే ఉంచుదామని చూసింది. నాయనమ్మ ఒప్పుకోలేదు. “మనింటి సంగతి మనం సూడకపోతే ఎవులు సూత్తారే. తల పైకెట్టి నడు,” అంది. తల పైకి పెట్టడం నా వల్ల కాలేదు. నాయనమ్మ చెయ్యి పట్టుకుని నేల చూసుకుంటూ నడిచాను. వెనకే చెల్లిని ఎత్తుకుని అమ్మ.

మంచు ఇంకా విడలేదు. సముద్రం హోరు వినబడుతోంది కానీ పది బారల అవతల మనిషి కనబడడం లేదు. పాక ముందు ముసలాళ్ళు, పెద్దవాళ్ళు రెండు వరసలుగా నిలబడ్డారు. డప్పు మొదలైంది. డప్పు కొట్టే ఆయనకు కూడా నాన్న పాలపొడి ఇచ్చినవాడే. చెయ్యి ఆడడం లేదేమో, సుబేదారు తాత అడిగిన దానికంటే కూడా మెల్లిగా కొట్టాడు.

మంచులోంచి మేము దగ్గరకు వెళ్ళాకే చూశాను. రెండు వరసల్లోనూ రగ్గులే. బూడిద రంగు, అంచున ఎర్ర చార. చలి. ప్రతి ఒక్కరూ ఇంట్లో ఉన్నదేదో కప్పుకుని వచ్చారు, ఏం కప్పుకున్నారో చూసుకోలేదు. నాన్న దొంగ అని చెప్పడానికి వచ్చిన ఊరంతా నాన్న దొంగిలించిన రగ్గుల్లో నిలబడి ఉంది. నాయనమ్మ వేళ్ళు నా చేతి మీద బిగుసుకున్నాయి.

సుబేదారు తాత ఒక్కడే రగ్గు లేకుండా, మెడ దగ్గర తెరుచుకున్న పాత కోటులో ఉన్నాడు. నాన్న ఆయన ముందుకు వెళ్ళి నిలబడి గడ్డం పైకెత్తాడు, బొత్తాం అందేలా. పటాలానికి వెళ్ళేరోజున కూడా అలాగే ఎత్తి ఉంటాడు. తాత చేతిలో చిన్న చాకు. దారం ఒక్క గీతకు తెగలేదు. మళ్ళీ గీశాడు. బొత్తాం కింద పడకుండా అరచేత్తో పట్టుకున్నాడు. కథలో దొర నేల మీద పడేసేవాడు. తాత పడెయ్యలేదు.

“ఎల్లు,” అన్నాడు.

నాన్న రెండు వరసల మధ్య నడిచాడు. మెడ దగ్గర చొక్కా తెరుచుకుపోయింది. ఎవరూ ఆయన ముఖం చూడలేదు. సగం దూరం వెళ్ళేసరికి వరసలో వణుకుతున్న ఒక ముసలాయన భుజం మీదనుంచి రగ్గు జారి కింద పడింది. వంగి తీసుకునే ఓపిక ఆయనకు లేదు. నాన్న ఆగాడు. వంగి రగ్గు తీసి, దుమ్ము దులిపి, ఆయన భుజాల మీద కప్పి, ముందు రెండు అంచులూ దగ్గరకు లాగి ఆయన చేతికి పట్టించాడు.

“సలి, తాతా,” అన్నాడు.

డప్పు ఆగిపోయింది. ఆయన కొట్టడం ఆపేశాడో, నాకు వినబడలేదో తెలియదు. అప్పుడు ఒక్కొక్కరే తమ ఒంటివైపు చూసుకున్నారు. ఒకాయన రగ్గు తీసి చంకలో పెట్టుకున్నాడు. ఇంకొకాయన వెనక్కి దాచుకున్నాడు. దొంగకు తేలు కుట్టినట్టు అంటారే, అలా ఉంది మా ఊరు ఆ పొద్దున. నాన్న వెనక్కి తిరిగి చూడకుండా వరస దాటి ఇంటికి వచ్చేశాడు.

మర్నాటి నుంచి రగ్గులు రావడం మొదలైంది. తెల్లారి తలుపు తీస్తే అరుగు మీద మడతపెట్టి ఉండేవి. ఎవరు పెట్టారో తెలిసేది కాదు. కొన్ని ఉతికి, కొన్ని ఉతక్కుండా. ఒకదానికి నెత్తళ్ళ వాసన, ఒకదానికి చంటిపిల్ల ఉచ్చ వాసన. సిగ్గుపడి ఇచ్చారో, దొంగసొత్తు మాకొద్దని విసిరారో ఎలా తెలుస్తుంది? ఒక్కళ్ళు వచ్చి మాట్లాడి ఇస్తే తెలిసేది. రగ్గులు గదిలో నా ఎత్తుకు పెరిగాయి. పాక ముందు ఏడవని నాన్న ఆ గుట్ట ముందు కూర్చుని ఏడ్చాడు. “ఇచ్చినియ్యి ఎనక్కిచ్చేసినారే,” అన్నాడు అమ్మతో. జైలుకు కాదు, తీసేసినందుకు కాదు, దీనికి ఏడ్చాడు.

తర్వాత ఎడ్లబండి మాట్లాడి రగ్గులన్నీ మూటలు కట్టి పలాస స్టేషనుకు తీసుకువచ్చాడు, ఆ పటాలానికే పార్సిలు చెయ్యడానికి. నన్ను కూడా మూటల మీద కూర్చోబెట్టుకున్నాడు. పలాసంతా జీడిగింజలు కాలుతున్న వాసన. పార్సిలు గుమాస్తా మూటలు చూసి నవ్వాడు.

“ఇన్ని రగ్గులూ ఒక్కడివేనా?”

“ఒక్కడియ్యే బాబూ. అన్నీ నాయే.”

పేరు అడిగితే చెప్పాడు. పేరు తర్వాత అలవాటుగా నంబరు చెప్పబోయి ఆగిపోయాడు. నేను ఆయన చొక్కా మెడ వైపు చూశాను. బొత్తాం ఉండాల్సిన చోట దారం ముక్క ఒకటి ఇంకా వేలాడుతోంది. ఆ పార్సిలు చేరిందో, మధ్యలో ఇంకెవరికైనా చలి కాచిందో మాకెప్పుడూ తెలియలేదు.

ఊరు మమ్మల్ని వెలివేయలేదు. నాన్న కొబ్బరికాయలు దింపించే పని చూసుకున్నాడు, అందరూ పిలిచారు, కూలి ఇచ్చారు. ఆ కుర్రాళ్ళిద్దరూ పటాలంలో చేరారు కూడా. కానీ పాక ముందునుంచి నాన్న మళ్ళీ నడవలేదు, తోటల వెనకనుంచి చుట్టుతిరిగి వెళ్ళేవాడు. నేనూ అలాగే. బడిలో గెంటుడాట ఆగిపోయింది. ఎవరూ ఆపమనలేదు. నేను వస్తే ఊరుకునేవారు, అది ఆడుకోవడం కంటే ఎక్కువగా గుచ్చుకునేది.

వచ్చిన రగ్గుల్లో ఒక్కటి తక్కువ. మరుసటి చలికాలానికి అదెక్కడుందో ఊరంతా చూసింది. సుబేదారు తాత దాన్ని కప్పుకుని పాకకు వచ్చాడు. కప్పుకోవడం కాదు, తొడుక్కున్నట్టు. రెండు అంచులూ మెడ దగ్గర కలిపి ఇత్తడి బొత్తాం పెట్టుకున్నాడు. అది నాన్న బొత్తామే. కోటు మెడ ఖాళీగానే వదిలి, బొత్తాన్ని తీసుకెళ్ళి ఆ రగ్గుకు కుట్టుకున్నాడు. పాకకే కాదు, టీ బడ్డీకి, టెక్కలి సంతకు, పెళ్ళిళ్ళకు. ప్రతి చలికాలం అదే. రగ్గు పీలికలవుతున్నా అదే.

నాకు ఒళ్ళు మండిపోయేది. కొంచెం పెద్దదాన్నయ్యాక ఒకరోజు నాన్నతో అనేశాను. “అందరూ తిరిగిచ్చినారు. నీ బొత్తాం కోసేసి, నువ్వు తెచ్చిన రగ్గుకే పెట్టుకుని ఊరంతా తిరుగుతున్నాడు. ఆయనకి సిగ్గు నేదా నాన్నా?”

నాన్న కాయలు వలుస్తున్నాడు. చెయ్యి ఆపలేదు.

“ఆయనొక్కడికే ఉందే,” అన్నాడు.

ఆ మాట నాకు వెంటనే దిగలేదు. నా పెళ్ళయ్యాక ఒక చలికాలంలో సుబేదారు తాత పోయాడు. నేను ఊళ్ళోనే ఉన్నాను. ముసలాళ్ళు, సెలవు మీద వచ్చినవాళ్ళు, అందరూ వరసగా నిలబడ్డారు. నాన్న వరసలో లేడు. దూరంగా సరుగుడు చెట్ల దగ్గర నిలబడ్డాడు, నేను ఆయన పక్కన. తాత భార్య లోపలినుంచి వచ్చి చుట్టూ చూసి, నాన్నను చేత్తో పిలిచింది. ఆమె చేతిలో ఆ రగ్గుంది, ఎర్ర చార వెలిసిపోయి.

“నువ్వే కప్పాలన్నాడురా. ఇంకెవుల్నీ ముట్టనివ్వొద్దన్నాడు.”

నాన్న రెండు వరసల మధ్యనుంచి మళ్ళీ నడిచాడు. ఈసారి నేను తల దించలేదు, చూశాను. నాన్న ఆయన మీద రగ్గు కప్పాడు. భుజాల దగ్గర సర్దాడు. మెడ దగ్గర ఆ బొత్తాం పెట్టాడు. ఒకసారి వేలితో తడిమి చూశాడు.

“ఉంది మావా,” అన్నాడు.

నాన్న తప్పు చెయ్యలేదని నేను ఏ రోజూ అనుకోలేదు. దొంగతనం దొంగతనమే. తిలాపాపం తలా పిడికెడు అని సరిపెట్టుకుందామన్నా మా వాటా పిడికెడు తగ్గదు. ఆ తర్వాత కూడా నాన్న సంగతి ఎవరైనా అడిగితే నాకు మాట తడబడేది, ఇప్పుడూ తడబడుతుంది. సిగ్గు పోతుందంటారు గానీ అది పోయేది కాదు, మనతోపాటే ముసలిదవుతుంది.

బండి వచ్చింది. హవల్దారు దిగాడు, బొద్దుగా, నవ్వుతూ. పూలు పడ్డాయి, ఈలలు వేశారు, డప్పులు ఇంకా రెచ్చిపోయాయి. మా చెల్లెలు రెండు పెట్టెల వెనకనుంచి దిగి నన్ను వెతుక్కుంటూ వచ్చింది. నా దోసిట్లో రేకులు అలాగే ఉన్నాయి. చెల్లెలు కాసేపు ఆ ఊరేగింపు చూస్తూ నిలబడిపోయింది, ముఖం వెలిగిపోతూ.

“నాన్నొచ్చినప్పుడు కూడా ఇలాగే డప్పు కొట్టినారు గదా అప్పా? అమ్మ నన్నెత్తుకునుంది. మంచు. నాకది లీలగా గుర్తుంది,” అంది.

నేను దాని ముఖంలోకి చూశాను. ఇన్నేళ్ళలో ఊరు దానికి చెప్పకుండా వదిలిందా, లేక అన్నీ తెలిసే అలా దాచుకుందా?

“కొట్టినారే,” అన్నాను. “ఊరంతా వొచ్చినారు.”